బోర్డో ఎర్ర వైన్లు: ‘మహత్తర సంవత్సరం’ అనే తీర్పు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైన్ సీసాపై ముద్రించే సంవత్సరాన్ని వింటేజ్ అంటారు. అది ద్రాక్షను కోసిన సంవత్సరం. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్లకు 1945, 1947, 1961, 1982 సంవత్సరాలు మహత్తరమైనవిగా పేరొందాయి. ఈ ఖ్యాతికి ఎండావానలు ఎంత కారణం, తీర్పు చెప్పినవారు ఎంత కారణం, ఆ తీర్పు తోటల మధ్య స్థిరపడిన శ్రేణులను ఎలా ప్రశ్నించింది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బోర్డో, వింటేజ్, 1855 వర్గీకరణ, వాతావరణ చరిత్ర, రుచి నిర్ణయం.

1. ఉపోద్ఘాతం
బోర్డో పేరు తెలుగు రైతుకు వైన్ ద్వారా కాక మందు ద్వారా పరిచయం. మైలుతుత్తం, సున్నం కలిపి తోటలకు పిచికారీ చేసే బోర్డో మిశ్రమం 1880లలో ఆ ప్రాంతపు ద్రాక్షతోటల్లోనే రూపుదిద్దుకుంది. దారినపోయేవారు కాయలు కోయకుండా బాట పక్క తీగలపై చల్లిన నీలిరంగు ద్రవం బూజుతెగులును ఆపుతోందని వృక్షశాస్త్రవేత్త మిలార్దే గమనించాడు. 1885లో తన పరిశోధన ఫలితాలను ప్రకటించాడు. తెగులు, మంచు, వాన, ఎండ - వీటిలో ఏది ఏ దశలో వచ్చిందన్నదానిపై అక్కడి పంట గుణం ఆధారపడుతుంది. పంచాంగం సంవత్సరఫలాన్ని ఉగాదినాడే చెబుతుంది. వింటేజ్ తీర్పు మాత్రం కోత తర్వాత మొదలై, కొన్నిసార్లు దశాబ్దాలపాటు సాగుతుంది.

2. స్థలానికి శ్రేణి
1787 మే నెలలో బోర్డోను సందర్శించిన థామస్ జెఫర్సన్ అక్కడి ఎర్ర వైన్లలో మార్గో, లతూర్, ఓబ్రియోన్, లఫీత్ తోటలవి ఉత్తమమైనవని రాసుకున్నాడు. 1855 పారిస్ ప్రదర్శన సందర్భంగా బోర్డో వర్తక మండలి కోరగా వైన్ మధ్యవర్తులు ఒక పట్టిక సిద్ధం చేశారు. ఎర్ర వైన్లను ఐదు శ్రేణులుగా విభజించిన ఆ పట్టికలో ప్రథమశ్రేణి పొందినవీ ఈ నాలుగే. ఏళ్ల తరబడి ఆయా వైన్లకు విపణిలో పలికిన ధరే దీనికి ప్రధాన ప్రమాణం. సెంతెమిలియోన్, పొమెరోల్ ప్రాంతాల తోటలకు ఇందులో చోటు దక్కలేదు. ద్వితీయశ్రేణిలో ఉన్న మూతోన్ రోత్‌షీల్డ్ 1973లో ప్రథమశ్రేణికి చేరడం తప్ప, పై శ్రేణిలో మరో మార్పు జరగలేదు. శ్రేణి స్థలానికి చెందినది, స్థిరమైనది. వింటేజ్ కాలానికి చెందినది, చంచలమైనది. ఈ రెండు ప్రమాణాల ఘర్షణే బోర్డో చరిత్రలో ఆసక్తికరమైన అంశం.

3. శ్రేణిని ధిక్కరించిన సంవత్సరాలు
1945 మే ఆరంభంలో పడిన గడ్డమంచు లేతచిగుళ్లను మాడ్చివేసింది. మిగిలిన కొద్ది కాపు వేడి వేసవిలో గాఢంగా పండింది. ఆనాటి వైన్లలో టానిన్, అంటే వగరు, ఎంత తీవ్రంగా ఉండేదంటే అవి మెత్తబడడానికి దశాబ్దాలు పట్టింది. మూతోన్ ఆ ఏటి సీసాలపై యుద్ధవిజయాన్ని సూచించే ‘వి’ అక్షరాన్ని చిత్రకారుడు ఫిలిప్ జూలియాన్ చేత వేయించింది. ఆ వింటేజ్‌లో అత్యంత ప్రసిద్ధమైన ఈ వైన్ అప్పటికి ద్వితీయశ్రేణిది.

1947 వేసవి తీవ్రమైన వేడి వల్ల సెంతెమిలియోన్‌లోని షెవాల్ బ్లాన్ తోటలో ద్రాక్షరసం సక్రమంగా పులియలేదు. వైన్‌లో కొంత చక్కెర మిగిలింది, సిర్కా గుణమున్న ఆమ్లం పెరిగింది. నేటి ప్రయోగశాల లెక్కల్లో ఇవి దోషాలు. అయినా రుచి చూసిన తరాలు దానిని శతాబ్దపు గొప్ప వైన్లలో ఒకటిగా నిలిపాయి. ఈ తోట 1855 పట్టికలోనే లేదు.

1961లో మే చివరి మంచు, చలి పూతను దెబ్బతీయడంతో పిందె తగ్గింది. తర్వాతి అనావృష్టి మిగిలిన గింజల్లో సారాన్ని సాంద్రం చేసింది. ఆ ఏటి లతూర్ ఖ్యాతి ఊహించదగినదే, ఎందుకంటే అది ప్రథమశ్రేణి తోట. తృతీయశ్రేణికి చెందిన పాల్మేర్ దాని సరసన నిలవడమే ఇక్కడ విశేషం. ఈ మూడు సందర్భాలూ ఒకే విషయాన్ని సూచిస్తున్నాయి. సామాన్య సంవత్సరంలో శ్రేణి వైన్‌కు రక్షణ కవచం. అసాధారణ సంవత్సరంలో ఆ కవచం అవసరం తగ్గి, ఇతర తోటలు కూడా శిఖరానికి చేరగలుగుతాయి.

4. 1982: తీర్పు చెప్పే అధికారం
1945, 1961లలో కాపు స్వల్పం కాబట్టి, తక్కువ దిగుబడి ఉంటేనే గొప్ప వైన్ వస్తుందనే అభిప్రాయం బలంగా ఉండేది. 1982లో దిగుబడి సమృద్ధిగా వచ్చింది, పండు కూడా బాగా పండింది. ఆ వైన్లలో పులుపు తక్కువనీ, అవి ఎక్కువకాలం నిలవవనీ కొందరు విమర్శకులు సందేహించారు. న్యాయవాద వృత్తిలో ఉంటూ 1978లో వైన్ సమీక్షాపత్రిక ప్రారంభించిన అమెరికన్ రాబర్ట్ పార్కర్ మాత్రం వాటిని గట్టిగా సమర్థించాడు. కాలం ఆయన తీర్పునే బలపరిచింది. అప్పటినుంచి ఆయన నూరు మార్కుల పద్ధతి ధరలను శాసించే స్థాయికి ఎదిగింది. 1855లో ధర నాణ్యతకు సాక్ష్యం. 1982 తర్వాత మార్కులే ధరకు కారణమయ్యాయి.

5. సంవత్సరాంకం ఆధారమవుతుందా?
ఖ్యాతి పెరిగినకొద్దీ సీసాపై ఉన్న అంకె విలువైన వస్తువైంది. 1787 లఫీత్‌గా పేర్కొంటూ, జెఫర్సన్ పేరులోని పొడి అక్షరాలు చెక్కిన సీసా ఒకటి 1985లో లండన్ వేలంలో 1,05,000 పౌండ్లు పలికింది. ప్రతి ఖర్చునూ రాసిపెట్టుకునే అలవాటున్న జెఫర్సన్ పత్రాలలో అలాంటి కొనుగోలుకు ఆధారం దొరకలేదని ఆయన నివాసమైన మోంటిచెల్లోలోని పరిశోధకులు తెలిపారు. తాళపత్రం చివర ఉన్న తేదీని మాత్రమే నమ్మి కాలనిర్ణయం చేయలేనట్లే, సీసాపై ఉన్న సంవత్సరాన్ని కూడా ఇతర ఆధారాలతో సరిచూడాలి.

ద్రాక్షకోత తేదీల విషయంలో అలాంటి ఆధారాలు సమృద్ధిగా ఉన్నాయి. ఫ్రెంచ్ చరిత్రకారుడు ఎమాన్యుయెల్ ల రువా లదురీ ఊరుమ్మడిగా ప్రకటించిన కోత తేదీల నుంచి వాతావరణ చరిత్రను పునర్నిర్మించాడు. బుర్గుండీలోని బోన్ పట్టణానికి 1354-2018 మధ్యకాలపు కోత తేదీల వరుసను 2019లో పరిశోధకులు ప్రచురించారు. 1988 నుంచి అక్కడ కోత సగటున 13 రోజులు ముందుకు జరిగిందని ఆ అధ్యయనం తేల్చింది. ఒకప్పుడు అరుదైన వేడి సంవత్సరం ఇప్పుడు తరచుగా వస్తోంది. ‘అసాధారణం’ అనే మాటకు ఆధారమైన ‘సాధారణం’ మారిపోతోంది.

6. ముగింపు
• 1945 మూతోన్, 1947 షెవాల్ బ్లాన్, 1961 పాల్మేర్ - ఈ మూడూ ప్రథమశ్రేణికి వెలుపలివి. కాబట్టి గొప్ప వింటేజ్‌లో వైన్‌ను సిఫారసు చేసేవారు తోట శ్రేణిని మాత్రమే ప్రమాణంగా తీసుకోకూడదు.
• తక్కువ దిగుబడి, సాంకేతిక నిర్దోషత్వం గొప్పతనానికి తప్పనిసరి లక్షణాలు కావని 1982, 1947 నిరూపిస్తున్నాయి.
• వింటేజ్ ఖ్యాతిలో ప్రకృతి, విపణి, విమర్శకుడు ముగ్గురూ భాగస్వాములు. ఎవరి మాట ఎంతవరకు చెల్లిందో విడదీసి చూపడం చరిత్రకారుని పని.
• వేడెక్కుతున్న కాలంలో 1945, 1961 వంటి సంవత్సరాలను నేటి వింటేజ్‌లకు కొలబద్దగా వాడేముందు ఆ కొలబద్దనే పునఃపరిశీలించడం అవసరం.