మంచు మీద మడత గుడారం

మిన్నెసోటాలో ఒక్క చలికాలమైనా గడిపినవాళ్ళు చూసే ఉంటారు. సరస్సు గడ్డకట్టగానే దాని మీద ఎర్రవీ, నీలంవీ చిన్న చిన్న గుడారాలు వెలుస్తాయి. సాయంత్రానికి కొన్ని మాయమవుతాయి, మర్నాడు ఇంకోచోట కనిపిస్తాయి. ఐస్‌కి కన్నం వేసి, గాలం వదిలి, వాలై, క్రాపీ, పెర్చ్ లాంటి చేపల కోసం కూర్చునేవాళ్ళ గుడారాలవి. ఈ వారం చేపల సంగతి పక్కన పెట్టి, ఆ గుడారం కథ చెప్పుకుందాం.

ఈ కథ ఏ కంపెనీతోనూ మొదలవలేదు. ఈ సరస్సుల ఒడ్డున ఎన్నో తరాలుగా ఉన్న ఒజిబ్వే ప్రజలు ఐస్‌లో కన్నం చేసి, దాని మీద పుల్లలతో చిన్న చట్రం నిలబెట్టి, తోళ్ళో దుప్పట్లో కప్పి, లోపల బోర్లా పడుకునేవారు. చెక్కతో చెక్కిన చేప బొమ్మను నీళ్ళలో ఆడించి, దాని కోసం వచ్చిన పెద్ద చేపను ఈటెతో పొడిచేవారు. ఆ కప్పు చలికి మాత్రమే కాదు, చీకటికి కూడా. లోపల చీకటిగా ఉంటే, చుట్టూ ఉన్న ఐస్ గుండా దిగిన వెలుతురుతో అడుగున నీళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. ఈటెతో చేపలు పట్టే గదిని ఇక్కడి చట్టం ఈనాటికీ 'డార్క్ హౌస్' అనే పిలుస్తుంది. 1837 ఒప్పందంలో తమకు దక్కిన వేట, చేపల హక్కుల కోసం మిల్ లాక్స్ ఒజిబ్వేలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. 1999లో కోర్టు ఆ హక్కులు ఇంకా చెల్లుతాయని తీర్పు చెప్పింది.

తరువాత వచ్చినవాళ్ళు చెక్క ఇళ్ళు కట్టారు. లోపల పొయ్యి, బల్ల, కొన్నిటిలో మంచం కూడా. 1993లో వచ్చిన 'గ్రంపీ ఓల్డ్ మెన్' సినిమాలో కనిపించేవి ఇలాంటివే. అయితే వాటిని ఐస్ మీదకి లాగటం చిన్న పని కాదు. అడుగున దిమ్మలు పెట్టకపోతే ఇల్లు ఐస్‌కి అతుక్కుపోతుంది. అందుకే ఒకసారి పెట్టిన ఇల్లు చాలావరకు అక్కడే ఉండేది. చేపలు వస్తే వచ్చాయి, లేకపోతే లేదు. ఆ రోజుల్లో గునపం లాంటి ఇనుప ఉలితో కన్నం తవ్వేవారు కాబట్టి, పది కన్నాలు వేసి చూసే ఓపిక ఎవరికి ఉంటుంది?

ఈ పద్ధతిని మార్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు డేవ్ జెంజ్. మిన్నెసోటా మనిషి. 1980ల మొదట్లో ఆయన 'ఫిష్ ట్రాప్' అనే షెల్టర్ తయారు చేశాడు. అడుగున లాక్కెళ్ళే స్లెడ్, దాని మీద సీటు, వెనక మడిచిపెట్టిన గొట్టాలు, గుడ్డ. మన సైకిల్ రిక్షా టాపు గుర్తుందా? వాన రాగానే వెనక నుంచి ముందుకి లాగేవాళ్ళు కదా, ఇదీ అంతే. కూర్చుని టాపు తల మీదుగా ముందుకి లాక్కుంటే ఇల్లు సిద్ధం. చేప పడకపోతే టాపు వెనక్కి నెట్టి ఇంకో కన్నం దగ్గరకి వెళ్ళటమే. తరువాత క్లామ్ అనే మిన్నెసోటా కంపెనీ దీన్ని పెద్ద ఎత్తున తయారు చేసింది. చేప మన దగ్గరకి రావాలని కూర్చోవటం పోయి, చేప ఉన్నచోటికి మనం వెళ్ళటం వచ్చింది. ప్రాజెక్ట్ ఎక్కడుంటే అక్కడికి సూట్‌కేస్ సర్దుకుని వెళ్ళే మా కన్సల్టెంట్లకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు!

ఆ తరువాత వచ్చినవి 'హబ్' రకం. ప్రతి గోడకీ మధ్యలో ఒక బొడిపె, దాన్నుంచి మూలలకి వంగే కడ్డీలు. పట్టీ పట్టుకుని బయటికి లాగితే గొడుగు తెరుచుకున్నట్టు గోడ బిగుసుకుంటుంది. నిలబెట్టటంలో ఒక వరస ఉంది. ముందుగా గాలి వచ్చే వైపు మూలని ఐస్‌లోకి మరతిప్పే మేకుతో బిగించాలి. అప్పుడే గోడలు లాగాలి, ఆఖరున పైకప్పు. కింద వేలాడే అంచు మీద పొడి మంచు పోయాలి. నీళ్ళతో చిత్తడిగా ఉన్నది పోస్తే సాయంత్రానికి అంచు ఐస్‌లో కలిసిపోతుంది, దాన్ని కోసి తీయబోతే గుడ్డ చిరుగుతుంది. లోపల ప్రొపేన్ హీటర్ వెలిగిస్తే గాలి ఆడే కిటికీలు తెరిచే ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు.

విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది. ముందు పైకప్పు, తరువాత గోడలు, గాలికి ఎదురుగా ఉన్న మేకు అన్నిటికంటే ఆఖరున. ఇంటికి చేరాక సంచీలోనే వదిలేయకూడదు. లోపలి గుడ్డ మీద మన ఊపిరే మంచుగా పేరుకుని ఉంటుంది. గ్యారేజీలో పూర్తిగా పరిచి ఆరబెట్టకపోతే వేసవికల్లా బూజు. ఆరాక నేల మీద కాక ఎత్తున పెట్టాలి, ఎలుకలకి ఆ గుడ్డ మెత్తటి పరుపు. తినే వస్తువు వాసన కూడా మిగలకుండా చూడాలి.

ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా తోచిన విషయం ఒకటుంది. చెక్క ఇల్లు బరువైనది కాబట్టి, ఐస్ బాగా మందం అయ్యేదాకా దాన్ని ఎవరూ లోపలికి తీసుకెళ్ళలేరు. ఆ బరువే ఒక జాగ్రత్త. మడత గుడారానికి ఆ అడ్డు లేదు. నడవటానికి కనీసం 4 అంగుళాల గట్టి, నిర్మలమైన ఐస్ ఉండాలని, తెల్లగా ఉంటే దానికి రెట్టింపు ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. గుడారం తేలిక అయ్యేకొద్దీ ఆ కొలత చూసే బాధ్యత ఇంటి మీద నుంచి మనిషి మీదకి మారింది.

పైగా చలికాలాలు మునుపటిలా లేవు. 2023 డిసెంబర్ 29న అప్పర్ రెడ్ లేక్‌లో ఐస్ పలక ఒకటి ఒడ్డు నుంచి విడిపోయి, వంద మందికి పైగా దాని మీద చిక్కుకుపోయారు. అదృష్టం కొద్దీ అందరినీ ఒడ్డుకి చేర్చారు. ఆ చలికాలం మిన్నెసోటా రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. రాత్రిపూట వదిలి వెళ్ళే ఇళ్ళని రాష్ట్రం దక్షిణ భాగంలో మార్చి మొదటి సోమవారంలోగా, ఉత్తరాన మూడో సోమవారంలోగా తీసేయాలన్నది నిబంధన. ఐస్ మాత్రం క్యాలెండర్ చూసి కరగదు కదా.

కాబట్టి ఈసారి పిల్లలతో సరస్సు మీదకి వెళ్ళే ముందు గుడారం ఎంత తేలికో కాకుండా ఐస్ ఎంత మందమో చూడండి. దారి పొడుగునా కన్నాలు వేసి కొలుచుకుంటూ వెళ్ళండి. వచ్చేటప్పుడు చెత్త ఒక్క ముక్క కూడా అక్కడ వదలకండి, వసంతంలో అదంతా నీళ్ళలోకే పోతుంది.