బీఎస్సీ నర్సింగ్‌లో చేరే ముందు పైసల లెక్క, ఉండే చోటు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కుటుంబాలకు గైడ్

ఇంటర్ బైపీసీ అయిపోయిన అమ్మాయికి నర్సింగ్ సీటు వచ్చిందంటే ఇంట్లో ముందు సంతోషం, వెంటనే రెండు ప్రశ్నలు. పైసలు ఎట్ల? ఉండేది ఎక్కడ? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని చాలామంది మొదటి ప్రశ్నను పక్కన పెడతారు. చదువు ఆగిపోయే ప్రమాదం ఎక్కువగా అక్కడే ఉంది. సర్కారు ఇచ్చే పైసలు ఆలస్యంగా వస్తాయి. హాస్టల్, మెస్, యూనిఫాం, పరీక్ష ఫీజు మాత్రం చేరిన రోజు నుంచే కట్టాలి. అందుకే మొదటి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లడం మంచిది.

కోర్సు, సీటు

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల కోర్సు. 2021-22 నుంచి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దీన్ని 8 సెమిస్టర్లుగా మార్చింది. బైపీసీలో 45 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకైతే 40 శాతం ఉండాలి. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. తెలంగాణలో కన్వీనర్ కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. 2023-24 నుంచి ఎంసెట్ ర్యాంకు ఆధారమైంది. ఆ పరీక్షనే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు.

మహబూబాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022 నవంబర్‌లో, జనగామ, భూపాలపల్లి కాలేజీలు 2023 సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. 2024 డిసెంబర్ 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రాష్ట్రంలో 16 కొత్త నర్సింగ్ కాలేజీలను ప్రారంభించారు. సొంత జిల్లాలో, పక్క జిల్లాలో చదివే అవకాశం మునుపటి కంటే పెరిగింది. ఆప్షన్లు పెట్టే ముందు ఆ ఏడాది సీట్ మ్యాట్రిక్స్‌లో ఏ కాలేజీలు ఉన్నాయో చూసుకోవాలి.

పైసల దృష్టిలో సీట్లు మూడు రకాలు. ప్రభుత్వ కాలేజీ సీటులో ఫీజు తక్కువ, స్టైపెండ్ కూడా ఉంటుంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఈ స్టైపెండ్‌ను మొదటి ఏడాది నెలకు 5,000, నాలుగో ఏడాది 8,000 రూపాయలకు పెంచింది. ప్రైవేటు కాలేజీ కన్వీనర్ సీటుకు అర్హత ఉంటే రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ లేదు. “మేనేజ్‌మెంట్‌లో చేరండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం” అని ఏజెంటు చెబితే నమ్మి పైసలు కట్టొద్దు.

ముందే తీసి పెట్టుకోవాల్సిన కాగితాలు

ఆదాయ సర్టిఫికెట్: మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇస్తారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు బీసీ, మైనారిటీ కుటుంబాల వార్షిక ఆదాయం గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలి.

కుల సర్టిఫికెట్: 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. షేక్‌లు ఇందులో వస్తారు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బీలో ఉంటాయి. సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్, ఇరానీ, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్ వంటి వర్గాలు బీసీ-ఈలో లేవు. వాళ్లు కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

బ్యాంకు ఖాతా: విద్యార్థి పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో లింక్ కావాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, ఖాతాలో పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోవాలి. ‘షేక్’ ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉండటం, ‘బేగం’ ఒక చోట ఉండి ఇంకో చోట లేకపోవడం మన ఇళ్లలో మామూలే. ఈపాస్‌లో దరఖాస్తు ఆగిపోవడానికి ఈ తేడా చాలు. సరిచేయించడానికి వారాలు పడుతుంది కాబట్టి ఇంటర్ రెండో ఏడాదిలోనే ఆ పని ముగించాలి.

మొదటి ఆరు నెలల లెక్క

కాలేజీని, ఊరిని బట్టి అంకెలు మారుతాయి. లెక్క వేసే పద్ధతి తెలియడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. యూనివర్సిటీ ఫీజు, యూనిఫాం, బూట్లు, పుస్తకాలు, బీపీ మిషన్, స్టెతస్కోప్ కలిపి చేరేటప్పుడు 25,000 అనుకుందాం. హాస్టల్ అడ్వాన్సు 5,000. హాస్టల్, మెస్, ఫోన్, చిల్లర ఖర్చులు నెలకు 6,000 చొప్పున ఆరు నెలలకు 36,000. అత్యవసరానికి ఒక నెల ఖర్చు 6,000 విడిగా. మొత్తం 72,000 అవుతుంది. కౌన్సెలింగ్‌కు పది నెలల టైముంటే నెలకు 7,200 పక్కన పెట్టాలి. అంత కుదరని ఇల్లు మిగతాది ఎక్కడి నుంచి తేవాలో ఇప్పుడే మాట్లాడుకోవాలి, అడ్మిషన్ రోజు కాదు.

స్కాలర్‌షిప్‌ను, స్టైపెండ్‌ను ఈ లెక్కలో ఆదాయంగా రాయొద్దు. వచ్చినప్పుడు రెండో ఏడాది ఖర్చుకు దాచాలి. కాలేజీకి కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలి. రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఏది తిరిగి రావాలో తేల్చేది ఆ రసీదే.

ఈపాస్ స్కాలర్‌షిప్

తెలంగాణ ఈపాస్‌లో రెండు భాగాలున్నాయి. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకటి, మెయింటెనెన్స్ ఫీజు రెండోది. ఒకసారి దరఖాస్తు చేస్తే నాలుగేళ్లూ వస్తుందనుకోవద్దు, ఏటా రెన్యువల్ చేయాలి. 75 శాతం హాజరు తప్పనిసరి. బకాయిలు పేరుకుపోయాయని 2025లో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు ఆందోళనకు దిగాయి. ఆలస్యమైతే విద్యార్థి నుంచి ముందే ఫీజు అడుగుతారా, పరీక్షకు కూర్చోనిస్తారా అని చేరకముందే కాలేజీని అడగాలి. జవాబు కాగితం మీద తీసుకుంటే ఇంకా మంచిది.

వడ్డీ వద్దనుకునే ఇళ్లకు

వడ్డీ రిబా కాబట్టి ఎడ్యుకేషన్ లోన్ జోలికి వెళ్లని కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు జకాత్, ఖర్జె హసనా దారులున్నాయి.

తల్లిదండ్రులు, తాత, నానమ్మ, అమ్మమ్మ తమ పిల్లలకు, మనవరాళ్లకు జకాత్ ఇవ్వకూడదు. మామూ, చాచా, ఫుప్పూ, ఖాలా, అన్న, అక్క ఇవ్వొచ్చు, విద్యార్థి అర్హురాలైతే. హనఫీ ఫిఖ్‌లో బాలిగ్ అయిన అమ్మాయి అర్హతను ఆమె సొంత ఆస్తిని బట్టి చూస్తారు. పెళ్లి కోసమని ఆమె పేరున రాసిచ్చేసిన బంగారం ఆమె ఆస్తే. అవసరాలకు మించి ఆమె దగ్గరున్నది నిసాబ్‌కు, అంటే 52.5 తులాల వెండి విలువకు చేరితే జకాత్ తీసుకునే అర్హత ఉండదు. జకాత్ పైసలు విద్యార్థి చేతికి, ఆమె సొంతంగా అందాలన్నది కూడా హనఫీ షరతు. సయ్యద్ కుటుంబాలకు జకాత్ చెల్లదన్నది ఎక్కువ మంది ఉలమాల మాట. బీసీ-ఈ కూడా లేని ఆ ఇళ్లు సదఖా, ఖర్జె హసనా వైపు ముందుగానే చూసుకోవాలి. సందేహం ఉంటే ముఫ్తీ సాబ్‌ను అడగాలి.

ఖర్జె హసనా చుట్టాల మధ్యే అయినా ఎంత, ఎప్పటిలోగా అన్నది రాసుకోవాలి. అప్పు రాసుకోమన్నది ఖురాన్ ఆదేశమే, సూరె బఖరాలో ఉంది. దీనివల్ల బంధుత్వం చెడదు.

బ్యాంకు లోన్ తీసుకోవాలనుకున్న వాళ్లకు: 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అవసరం లేదు. కోర్సు కాలం, ఆపై ఏడాది వరకు కిస్తీ కట్టక్కర్లేదు కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఏటా 4.5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ఆ కాలపు వడ్డీని కేంద్రం కట్టే పథకం ఉంది. నర్సింగ్‌కైతే నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉన్న కాలేజీ కావాలి. గుర్తింపు లేని కాలేజీలో చేరితే లోన్ రాయితీతో పాటు రేపటి రిజిస్ట్రేషన్ కూడా పోతుంది.

ఉండే చోటు: మూడు ఊళ్లు, మూడు లెక్కలు

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. “రోజూ ఇంటి నుంచే పోయి వస్తుంది” అనే ఆలోచన దీంతో పెరిగింది. నర్సింగ్‌కు ఇది అన్నిసార్లూ కుదరదు. క్లినికల్ డ్యూటీలు పొద్దున, సాయంత్రం, కొన్నాళ్లు రాత్రి కూడా పడతాయి. పొద్దున డ్యూటీకి అందే మొదటి బస్సు ఉందా, సాయంత్రం డ్యూటీ దిగాక ఆఖరి బస్సు దొరుకుతుందా అన్నది చూసి నిర్ణయించాలి.

జనగామ: సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం, హైదరాబాద్–వరంగల్ హైవే రెండూ ఉన్నాయి. స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి వాళ్లకు రైలు నెల పాస్ పనికొస్తుంది. బచ్చన్నపేట, దేవరుప్పుల, కొడకండ్ల వంటి మండలాల వాళ్లకు బస్సే ఆధారం కాబట్టి హాస్టల్ మేలు.

మహబూబాబాద్: కేసముద్రం, గార్ల, డోర్నకల్ వాళ్లకు రైలు ఉంది. వరంగల్‌లో సీటొచ్చినా ఇదే లైను. తొర్రూరు, మరిపెడ, గూడూరు, బయ్యారం వైపు నుంచి రోజూ ప్రయాణం అలసటే.

భూపాలపల్లి: రైలు లేదు. పరకాల మీదుగా వరంగల్‌కు 60 కిలోమీటర్ల పైనే. వరంగల్‌లో సీటొస్తే అక్కడే ఉండాలి. మహదేవ్‌పూర్, కాటారం అమ్మాయిలకు భూపాలపల్లిలో సీటొచ్చినా హాస్టల్ కావాల్సిందే. సింగరేణి, చెల్పూరు విద్యుత్ కేంద్రం ఉద్యోగులుండే ఊరు కాబట్టి కిరాయి గది ముందుగా వెతుక్కోవాలి.

ముందు కాలేజీ హాస్టల్, తర్వాత సర్కారు పోస్ట్ మెట్రిక్ హాస్టల్, ఆ తర్వాతే ప్రైవేటు హాస్టల్ లేదా కిరాయి గది చూడాలి. బీసీ, మైనారిటీ సంక్షేమ జిల్లా కార్యాలయాల్లో ఖాళీలు అడగొచ్చు. గదే తప్పనిసరైతే మహల్లా దగ్గర ఉందా అన్నదాని కంటే ఆస్పత్రికి నడిచి వెళ్లే దూరంలో ఉందా అన్నది ముఖ్యం. రాత్రి డ్యూటీ రోజున తేడా తెలుస్తుంది. చుట్టాల ఇంట్లో ఉంచితే తిండి ఖర్చు ఎంత ఇవ్వాలో మొదట్లోనే మాట్లాడుకోవాలి. అత్యవసరానికి 112, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్లు ఫోన్‌లో ఉండాలి.

హాస్టల్ చూడటానికి వెళ్లినప్పుడు అడగాల్సినవి: రాత్రి డ్యూటీకి కాలేజీ బస్సు ఉందా? మెస్‌లో మాంసం హలాలేనా, కాకుంటే శాకాహారం రోజూ దొరుకుతుందా? రంజాన్‌లో సహరీకి ఏర్పాటు ఎట్ల? యూనిఫాంతో స్కార్ఫ్‌కు అనుమతి ఉందా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారు?

ఉద్యోగం చేస్తూ ఎంఎస్సీ ఆలోచిస్తున్న వాళ్లకు

ఎంఎస్సీ నర్సింగ్ రెండేళ్లు. బీఎస్సీలో లేదా పోస్ట్ బేసిక్ బీఎస్సీలో 55 శాతం మార్కులు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఏడాది అనుభవం కావాలి. ఇక్కడ ఫీజు కంటే పెద్ద ఖర్చు ఆగిపోయే జీతమే. నెలకు 20,000 తెచ్చే అమ్మాయి మానేస్తే రెండేళ్లలో ఇంటికి 4.8 లక్షలు తగ్గుతాయి. ఆ జీతం మీద కిస్తీలు, తమ్ముడి ఫీజు నడుస్తుంటే వాటికి వేరే దారి చూశాకే రాజీనామా ఇవ్వాలి.

ఇంత కష్టం దేనికి?

2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు అందాయి. రాష్ట్రంలో సర్కారు స్టాఫ్ నర్సు మూలవేతనం 36,750 రూపాయలతో మొదలవుతుంది. నర్సు పని మనకు కొత్తదీ కాదు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం కాలంలో మస్జిదె నబవీ పక్కన గుడారం వేసి గాయపడ్డవారికి సేవ చేసిన రుఫైదా రజియల్లాహు అన్హా పేరు ఇళ్లలో పెద్దలకు తెలుసు. ఇంట్లో ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి ఉంటే ఈ వారం చేయాల్సిన పనులు రెండు: మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకంలో పేరు సరిచూడటం, ఆరు నెలల ఖర్చు ఒక కాగితం మీద రాయడం.