ఇంజనీరింగ్ విద్యలో ప్రథమ సంవత్సరం

ఇంజనీరింగ్ ప్రథమ సంవత్సరం నాలుగేళ్ళ బి.టెక్. లేదా బి.ఇ. కోర్సులో తొలి దశ. ఇంటర్మీడియట్ చదువు నుండి వృత్తివిద్యకు విద్యార్థి మారే కాలమిది. ఈ ఏడాది తప్పిన పేపర్లు (వాడుకలో బ్యాక్‌లాగులు) పై తరగతుల పాఠాలతో పాటు మోయవలసిన భారమవుతాయి. నిర్ణీత క్రెడిట్లు రానివారిని పై సంవత్సరానికి పంపరు కూడా. అందువలన కొత్త విద్యార్థులకు తొలి నెలలలోనే తోడ్పడే ఏర్పాట్లు ఇంజనీరింగ్ విద్యలో ముఖ్యభాగమయ్యాయి. ఈ వ్యాసంలో ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పరిస్థితి వివరించబడినది.

చదివే తీరులో మార్పు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ ప్రవేశానికి 1986 నుండి ఎంసెట్ నిర్వహించారు. దీని పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను ఎప్‌సెట్‌గా మారినది. ఇందులో గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40, మొత్తం 160 ప్రశ్నలకు 180 నిమిషాలలో జవాబులు గుర్తించాలి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. అంటే ఒక్కో ప్రశ్నకు సగటున నిమిషం పైచిలుకు మాత్రమే దొరుకుతుంది. ఇక్కడ వేగం, సాధన గెలిపిస్తాయి. ఇంజనీరింగ్ పరీక్షలో సూత్రాన్ని మొదటి నుండి రాబట్టాలి, పటం గీయాలి, ప్రోగ్రాము వ్రాయాలి.

దీనికి తోడు కార్పొరేట్ జూనియర్ కళాశాలలలో తెల్లవారుజాము నుండి రాత్రి వరకు స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు ఉంటాయి. ఎప్పుడు ఏమి చదవాలో ఇతరులే నిర్ణయిస్తారు. ఇంజనీరింగ్ కళాశాలలో ఆ కాపలా ఒక్కసారిగా తొలగిపోతుంది. మంచి ర్యాంకుతో చేరినవారు సైతం తడబడటానికి తెలివి లోపం కన్నా ఇదే పెద్ద కారణం.

కొత్త సబ్జెక్టులు

గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు ఇంటర్మీడియట్‌కు కొనసాగింపే కనుక కొంత పరిచయం ఉంటుంది. ఇంజనీరింగ్ డ్రాయింగు, ప్రోగ్రామింగు మాత్రం చాలామందికి పూర్తిగా కొత్తవి. ఒక ఘనవస్తువు ముందు నుండి, పై నుండి, ప్రక్క నుండి ఎలా కనిపిస్తుందో మనసులో ఊహించి గీయడం డ్రాయింగులో అసలు మెలకువ. పక్కవారి షీటు చూసి గీస్తే ఇది అలవడదు. సబ్బు ముక్కనో బంగాళాదుంపనో కోసి చూపితే ఛేదాల పాఠం త్వరగా అర్థమవుతుంది. ప్రోగ్రామింగులో కూడా ముద్రించిన ప్రోగ్రాములను రికార్డు పుస్తకంలోకి ఎక్కించుకోవడం వల్ల ప్రయోజనం స్వల్పం. తానే వ్రాసి, తప్పు వచ్చినచోట వెదికి దిద్దుకున్నవారికే పట్టు చిక్కుతుంది.

భాషా సమస్య

తెలుగు మాధ్యమంలో చదివినవారికి అవకలనం, సమాకలనం, సదిశ, త్వరణం బాగా తెలిసి ఉండవచ్చు. కానీ తరగతిలో డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, వెక్టర్, యాక్సిలరేషన్ అని వినబడేసరికి తెలిసిన పాఠమే తెలియనిదవుతుంది. ఇది విషయజ్ఞానం లోపించడం కాదు, పేర్లు మారడం మాత్రమే. రెండు భాషల పారిభాషిక పదాలను వరుసగా వ్రాసిన పట్టిక తొలి వారంలోనే ఇవ్వడం ఖర్చులేని ఉపాయం. తెలుగు అకాడమీ ప్రచురించిన ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలను రెండు మాధ్యమాలలోను ప్రక్కప్రక్కన ఉంచుకుని చదవడం కూడా మేలు చేస్తుంది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఎ.ఐ.సి.టి.ఇ.) 2021-22 నుండి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగ్ బోధనకు అనుమతించినది. అయినా అత్యధిక కళాశాలలలో బోధన ఆంగ్లంలోనే సాగుతున్నది.

పరిచయ కార్యక్రమం

ఐఐటి గాంధీనగర్ 2011లో కొత్త విద్యార్థులకు ఐదు వారాల ఫౌండేషన్ కార్యక్రమం ప్రారంభించినది. 2016లో వారణాసిలోని ఐఐటి (బి.హెచ్.యు.) నెల రోజుల పరిచయ కార్యక్రమం నిర్వహించినది. అప్పటి దాని సంచాలకుడు రాజీవ్ సంగల్ అంతకు ముందు హైదరాబాదు ట్రిపుల్ ఐటికి సంచాలకుడు. ఎ.ఐ.సి.టి.ఇ. ఇటువంటి అనుభవాల ఆధారంగా 2017లో మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమాన్ని రూపొందించి, 2018 జనవరిలో విడుదల చేసిన నమూనా పాఠ్యప్రణాళికలో చేర్చినది. వ్యాయామం, కళలు, మానవ విలువలపై చర్చ, సాహిత్యం, ప్రముఖుల ప్రసంగాలు, పరిసర ప్రాంతాల సందర్శన, శాఖ పరిచయం ఇందులోని అంశాలు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. ఇరవై మంది చొప్పున విద్యార్థులను జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు ఒక అధ్యాపకుని మార్గదర్శిగా నియమించాలని, ఈ సంబంధం కోర్సు పూర్తయ్యే వరకు కొనసాగాలని ఇందులో ఉద్దేశించారు. ఆచరణలో మూడు వారాలూ సభలతో, ప్రసంగాలతో గడిచిపోయి, మార్గదర్శి పేరు రిజిస్టరుకే పరిమితమైతే కార్యక్రమం అసలు లక్ష్యం నెరవేరదు. విద్యార్థికి ఆయన అవసరమయ్యేది మొదటి మధ్యంతర పరీక్ష మార్కులు వచ్చిన రోజున. ఆ మార్కులు చూసి పిలిచి మాట్లాడితే సెమిస్టరు ముగిసేలోగా సరిదిద్దుకునే వ్యవధి ఇంకా ఉంటుంది.

కౌన్సెలింగు చివరి విడతలలో సీటు వచ్చినవారికి ఈ వ్యవధి మరీ తక్కువ. హైదరాబాదు జె.ఎన్.టి.యు.లో 2016 నియమావళికి ముందు మొదటి సంవత్సరానికి వార్షిక పద్ధతి ఉండేది. ఆలస్యంగా చేరినవారు నెమ్మదిగా కుదురుకోగలిగేవారు. సెమిస్టరు పద్ధతిలో ఆ వీలు తగ్గినది.

కలిసి చదవడం

అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయ గణిత పరిశోధక విద్యార్థి యూరి ట్రైస్‌మన్ 1970లలో ఒక విషయం గమనించాడు. ఇంజనీరింగ్‌కు అవసరమైన కలన గణితంలో వెనుకబడిన నల్లజాతి విద్యార్థులలో చాలామంది శ్రద్ధగానే చదివేవారు, కానీ ఒంటరిగా చదివేవారు. బాగా రాణిస్తున్న చైనా సంతతి విద్యార్థులు కలిసి కూర్చుని, లెక్కలు పోల్చుకునేవారు. ట్రైస్‌మన్ వెనుకబడినవారికి సులభ పాఠాలు పెట్టలేదు. మరింత కష్టమైన లెక్కలిచ్చి జట్లుగా చేయించగా ఫలితాలు మెరుగయ్యాయి. వెనుకబడినవారు అని ముద్రవేసి విడిగా కూర్చోబెట్టే ప్రత్యేక తరగతుల కంటె ఈ పద్ధతి గౌరవప్రదం కూడా.

ఇతర ఏర్పాట్లు

ఐఐటిలలో రిజర్వేషను గల కొన్ని వర్గాల విద్యార్థులకు, సడలించిన అర్హత మార్కులు కూడా రానప్పుడు, ఏడాది సన్నాహక కోర్సు ఉన్నది. 2008లో స్థాపించిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మరో మార్గం ఎంచుకున్నది. పదవ తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ళ కోర్సులో చేర్చుకుని, మొదటి రెండేళ్ళు ఇంటర్మీడియట్ స్థాయి చదువును తానే చెబుతుంది. ర్యాగింగ్ నిషేధానికి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం చేశారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో దేశమంతటికీ నిబంధనలు జారీచేసినది.

పాలిటెక్నిక్ డిప్లొమా తరువాత ఈసెట్ ద్వారా నేరుగా రెండవ సంవత్సరంలో చేరేవారి స్థితి దీనికి భిన్నం. డ్రాయింగు, వర్క్‌షాపులలో వీరు మిగతావారికంటె ముందుంటారు. మొదటి సంవత్సరపు గణితం మాత్రం వీరికి ఉండదు, దానిపై ఆధారపడిన పాఠాలు వెంటనే మొదలవుతాయి. పరిచయ కార్యక్రమం జరిగేది మొదటి సంవత్సరంలో కనుక అదీ వీరికి అందదు.