కొండ చుట్టూ మూడు గీతలు.. మనుషులు వేసిన రోడ్లు కాదు.. డార్విన్‌నే పొరబడేలా చేసిన గ్లెన్ రాయ్ కథ ఇదే!

స్కాట్లాండ్‌లోని గ్లెన్ రాయ్ లోయను మొదటిసారి చూసేవాళ్లకు వచ్చే డౌట్ ఒక్కటే.. ఇంత ఎత్తున, కొండ వాలు మీద ఈ రోడ్లు ఎవరు వేశారు? స్కేలు పెట్టి గీసినట్టు ఒకదాని కింద ఒకటి మూడు గీతలు. లోయకు ఇవతల ఏ ఎత్తులో ఉన్నాయో, అవతలి కొండ మీద కూడా సరిగ్గా అదే ఎత్తులో కనిపిస్తాయి. వీటి పేరు 'పారలల్ రోడ్స్', అంటే సమాంతర రహదారులు. పేరుకే రోడ్లు. నిజానికి ఇవి వేల ఏళ్ల కిందట మాయమైపోయిన ఓ సరస్సు ఒడ్లు.

ఎక్కడుంది? ఎంత ఎత్తు?

బ్రిటన్‌లోనే అతి ఎత్తైన బెన్ నెవిస్ శిఖరం ఉన్న లోచాబర్ ప్రాంతంలోనే ఈ లోయ ఉంది. దగ్గర్లోని పెద్ద ఊరు ఫోర్ట్ విలియం. సముద్ర మట్టానికి పై గీత సుమారు 350 మీటర్లు, మధ్య గీత 325 మీటర్లు, కింది గీత 260 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఫింగల్ అనే పురాణ వీరుడు వేట కోసం వేయించిన దారులివి అని స్థానికులు కథలుగా చెప్పుకునేవారు.

డార్విన్ ఏమన్నాడు?

పరిణామ సిద్ధాంతంతో ప్రపంచాన్ని కుదిపేసిన చార్లెస్ డార్విన్ 1838లో ఇక్కడికి వచ్చాడు. అప్పటికే దక్షిణ అమెరికా తీరం చూసి వచ్చిన మనిషి. చిలీలో నేల పైకి లేచి, పాత సముద్రపు ఒడ్లు ఎత్తున మిగిలిపోవడం కళ్లారా చూశాడు. గ్లెన్ రాయ్‌లోనూ అదే జరిగిందనుకున్నాడు. ఇవి ఒకప్పటి సముద్రపు ఒడ్లేనని 1839లో పెద్ద వ్యాసమే రాశాడు.

కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. సముద్రమే ఇక్కడిదాకా వచ్చి ఉంటే గవ్వలు, ఆల్చిప్పలు దొరకాలి కదా.. ఆ గీతల దగ్గర అవేవీ లేవు.

మరుసటి ఏడాది, అంటే 1840లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త లూయీ అగాసీ ఇక్కడికి వచ్చాడు. ఆల్ప్స్ పర్వతాల్లో గ్లేసియర్ల మధ్య తిరిగిన అనుభవం ఆయనది. చూడగానే విషయం పట్టేశాడు. ఇది సముద్రం కాదు, మంచు అడ్డుకట్ట వేస్తే నిలిచిన సరస్సు అని తేల్చాడు. డార్విన్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. 1860ల మొదట్లో థామస్ జేమీసన్ అనే స్కాటిష్ పరిశోధకుడు ఒక్కో గీత ఎత్తును చుట్టుపక్కల కనుమల ఎత్తుతో సరిపోల్చి చూపించాక, తన సిద్ధాంతం తప్పని డార్విన్ ఒప్పేసుకున్నాడు.

అసలు సరస్సు ఎలా ఏర్పడింది?

సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ల కిందట స్కాట్లాండ్‌లో చలి ఒక్కసారిగా ముదిరింది. అంతకుముందు చాలావరకు కరిగిపోయిన గ్లేసియర్లు, అంటే హిమానీనదాలు, పడమటి కొండల్లో మళ్లీ పెరిగాయి. లోయ ముఖద్వారం దాకా వచ్చి నది దారిని మూసేశాయి. వెనక నీళ్లు నిండాయి.

తూములు లేని చెరువు నిండితే ఏమవుతుంది? అలుగు పారుతుంది. ఇక్కడా అంతే. కొండల మధ్య తక్కువ ఎత్తున్న కనుమే అలుగుగా మారింది. నీళ్లు అక్కడి నుంచి పారినంత కాలం సరస్సు మట్టం మారదు.

* మొదట నీళ్లు తూర్పు వైపు కనుమ మీదుగా పారాయి. మట్టం 260 మీటర్లు.
* మంచు ఇంకా ముందుకు జరిగి ఆ దారి మూసేసింది. పక్క లోయలోకి మరో దారి దొరికింది. మట్టం 325 మీటర్లు.
* మంచు ఆ దారినీ కప్పేసింది. దీంతో లోయ పైభాగంలోని కనుమ దాటి నీళ్లు స్పే నది వైపు వెళ్లాయి. మట్టం 350 మీటర్లు.

ప్రతి మట్టం దగ్గరా అలలు ఒడ్డును కోశాయి. నీళ్లు గడ్డకట్టడం, కరగడం వల్ల అక్కడి రాయి పగిలింది. అలా కొన్ని మీటర్ల వెడల్పున మెట్టు తయారైంది. వాతావరణం వేడెక్కి మంచు వెనక్కి తగ్గేటప్పుడు ఇదంతా రివర్స్‌లో నడిచింది. మట్టం 350 నుంచి 325కి, అక్కడి నుంచి 260కి దిగింది.

చివరికి ఆ నీళ్లు ఏమయ్యాయి?

నీటి కంటే మంచు తేలిక. మంచు మందంలో దాదాపు 90 శాతం ఎత్తుకు నీళ్లు చేరితే అడ్డుకట్టే తేలడం మొదలెడుతుంది. కింద సందు దొరికితే చాలు, నీళ్లు సొరంగం తొలుచుకుని దూసుకుపోతాయి. గ్లెన్ రాయ్ సరస్సు కూడా చివరికి ఇలాగే మంచు కింద నుంచి ఒక్కసారిగా ఖాళీ అయిందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అప్పుడున్న నీళ్లు సుమారు 5 ఘన కిలోమీటర్లని అంచనా. మన లెక్కలో 170 టీఎంసీలకు పైమాటే! ఆ వరద లాక్ నెస్ మీదుగా ఇన్వర్నెస్ వైపు వెళ్లింది.

ఇది పాత కథ మాత్రమేనా?

కానే కాదు. కారకోరం పర్వతాల్లో చోంగ్ కుమ్‌దాన్ గ్లేసియర్ షియోక్ నదికి అడ్డుపడి, 1929 ఆగస్టులో ఆ మంచు కట్ట తెగింది. వరద సింధు నదిని ముంచెత్తింది. అలాస్కా రాజధాని జూనో పక్కన మెండెన్‌హాల్ గ్లేసియర్ ఆపుతున్న నీళ్లు 2011 నుంచి పదేపదే వరదగా వస్తున్నాయి. 2023 ఆగస్టులో నది ఒడ్డు కోసుకుపోయి ఇల్లే కూలి నీళ్లలో పడింది. మరుసటి ఏడాదే వందల ఇళ్లలోకి నీళ్లు చేరాయి.

హిమాలయాల్లో ఇలాంటి సరస్సుల్లో చాలావాటికి కట్ట మంచు కాదు.. గ్లేసియర్ వదిలేసిన రాళ్లు, మట్టి. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైన చోరాబరి సరస్సు తెగినప్పుడు ఉత్తరాఖండ్‌లో చిక్కుకుపోయిన యాత్రికుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. 2023 అక్టోబరులో సిక్కింలోని సౌత్ లోనక్ సరస్సు వరద, 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యామ్‌నే ఊడ్చేసింది.

కట్ట మంచుదైనా, మట్టిదైనా.. నిండడానికి ఏళ్లు పట్టొచ్చు, తెగడానికి గంటలు చాలు. గ్లెన్ రాయ్‌లో అప్పట్లో కింద ఊళ్లు లేవు. హిమాలయ లోయల్లో ఇప్పుడు ఊళ్లున్నాయి, రోడ్లున్నాయి, డ్యామ్‌లున్నాయి. అందుకే ఏ సరస్సు ఎంత పెరిగిందో శాటిలైట్లతో కనిపెట్టడం, ముందే సైరన్ మోగించే వ్యవస్థ పెట్టడం ప్రాణాలు కాపాడే పనులు.