నీలివార్తలు

బేతంచెర్ల పేరు చెప్పగానే ఎవరికైనా బండలే గుర్తుకొస్తాయి. పూలకూ మూలికలకూ పేరుపడ్డ ఊళ్ళు ఎక్కడో తడినేలల్లో ఉంటాయనుకుంటాము. కాని మా కర్నూలు, కడప సీమ ఒకప్పుడు చిన్న గులాబివన్నె పూలు పూసే ఒక మొక్కతోనే సముద్రాల ఆవలి అంగళ్ళకెక్కింది. ఆ మొక్క నీలి. అమరకోశం దానికి రంజని అనే పేరుతోబాటు గ్రామీణ అన్న పేరూ చెప్పింది. ఆ రెండవ పేరు నాకు మరీ ఇష్టం. జుట్టుకు రాసుకొనే నీలీభృంగాది తైలం పేరులో ముందు నిలిచినదీ ఇదే.

నా చిన్నతనంలో మా అమ్మమ్మగారి ఊరి చెరువు కింద రెండు గచ్చుతొట్లుండేవి, ఒకటి మిట్టన, ఒకటి పల్లాన. నీలితొట్లనేవారు. మేము వాటిలో దాగుడుమూతలాడేవాళ్ళము. వాటి పని ఏమిటో పెద్దయ్యాక చదివి తెలుసుకొన్నాను. పూతకొచ్చిన మొక్కను కోసి పైతొట్టిలో నానవేస్తారు. పసుపుపచ్చగా దిగిన నీటిని కిందితొట్టిలోకి వదలి, మనుషులు దిగి తెడ్లతో గంటలతరబడి చిలుకుతారు. గాలి సోకి నీరు నీలమౌతుంది. అడుగున దిగిన మడ్డిని కాచి, వడగట్టి, అదిమి, బిళ్ళలుగా కోసి నీడన ఆరబెడతారు. మిగిలిన పిప్పి పొలానికి ఎరువు.

మిత్రులారా, పుకారును నీలివార్త అంటాము గదా! అద్దకపు నీలికాగు చెడినప్పుడు ఏదైనా వింతవార్త పుట్టిస్తే అది బాగుపడుతుందని అద్దకంవారి నమ్మకమట. కాగు పోయింది, మాట మిగిలింది.

వంగదేశంలో తెల్లదొరలు బయానాలిచ్చి రైతుచేత బలవంతంగా నీలి వేయించారు. 1859లో అక్కడ తిరుగుబాటు లేచింది, మరుసటి ఏడే దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' నాటకం వెలువడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో తీరు వేరు. ఇక్కడ చాలవరకు తొట్లు ఊరి రైతులవీ, వర్తకులవీ. దౌర్జన్యం లేదని కాదు గాని, నాటకానికెక్కే ప్రతినాయకుడు లేడు. అందువల్లనే కాబోలు, మా నీలి చావుకు ఏడ్చినవారూ లేరు.

ఆ చావు జర్మనీనుండి వచ్చింది. 1897లో అక్కడి బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కృత్రిమ నీలిని అంగడికి తెచ్చింది. ఈసారిది నీలివార్త కాదు. ధర పడిపోయింది, సాగు పడిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మను సరుకు ఆగి మళ్ళీ కొంత ఊపిరి పోసుకొన్నా అది నిలువలేదు. జపానులోని తొకుషిమాలో (వారి మొక్క వేరు) ఆకును మాగబెట్టి రంగు తీసే పాతపద్ధతి నేటికీ బతికి ఉంది.

గాంధీజీ పాఠం వచ్చినప్పుడల్లా 1917 నాటి చంపారన్ నీలిరైతుల గోడు తరగతిలో గొంతు చించుకొని చెప్పాను. మన చెరువు కిందా నీలితొట్లున్నాయని మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

మొన్న వెళ్ళి చూస్తే పైతొట్టి లేదు. దాని రాళ్ళు ఎవరి ప్రహరీలోనో చేరాయి. కిందిదానికి సిమెంటు పూసి, గొట్టంతో నీళ్ళు పట్టారు. రెండు ఎనుములు తాగుతున్నాయి.