పన్ను లెక్కల్లో దొరికిన మనిషి: ఆంథనీ జాన్సన్ కథ

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో మా టీమ్‌లో ఒకాయన వర్జీనియా నుంచి పనిచేసేవారు. ఆఫ్రికన్ అమెరికన్. ఈ మధ్య ఆయన మెసేజ్ పెట్టారు: "మా వంశం వెతుకుతున్నా, 1870 దగ్గర గోడ తగిలింది."

ఆ గోడ ఏంటంటే, 1850, 1860 సెన్సస్‌లలో బానిసల కోసం వేరే పట్టికలు ఉండేవి. వాటిలో యజమాని పేరు ఉంటుంది. బానిసకి మాత్రం వయసు, ఆడా మగా, రంగు, అంతే. పేరు రాయలేదు. బానిసత్వం పోయాక 1870లోనే మొదటిసారి అందరి పేర్లూ ఎక్కాయి. అసలు అమెరికాలో మొదటి సెన్సస్సే 1790లో జరిగింది. మరి 1600ల్లో బతికిన ఒక మామూలు మనిషిని ఎలా పట్టుకోవాలి?

దీనికి జవాబు చాలా సింపుల్. ప్రభుత్వం మన పుట్టినరోజు మర్చిపోవచ్చు గానీ, మన పన్ను మర్చిపోదు. అందుకే భూమి కాగితాలు, పన్ను లెక్కలు చూడాలి. ఒక నిజమైన మనిషిని తీసుకుని, స్టెప్ బై స్టెప్ వెతుకుదాం. ఆయన పేరు ఆంథనీ జాన్సన్.

1625 మొదట్లో వర్జీనియా కాలనీలో ఇంటింటికీ తిరిగి మనుషుల్నీ, తిండిగింజల్నీ, తుపాకుల్నీ లెక్క రాశారు. అందులో బెన్నెట్ అనే వ్యాపారి పొగాకు తోట దగ్గర ఒక ఎంట్రీ ఉంది: ఆంటోనియో, నల్లవాడు, జేమ్స్ అనే ఓడలో 1621లో వచ్చాడు. అక్కడే ఇంకో పేరు, మేరీ, 1622లో వచ్చింది. ఇంటిపేరు లేదు, వయసు లేదు. 1622 మార్చిలో స్థానిక తెగల దాడిలో ఆ ఒక్క తోటలోనే 50 మందికి పైగా చనిపోయారు. ఆంటోనియో బతికి బయటపడ్డ కొద్దిమందిలో ఒకడు.

ఇప్పుడు భూమి కాగితాలకి వద్దాం. వర్జీనియాలో 1618 నుంచి ఒక పద్ధతి నడిచింది. ఒక మనిషిని ఖర్చు పెట్టుకుని కాలనీకి తీసుకొస్తే, తలకి 50 ఎకరాలు. దీన్ని హెడ్‌రైట్ అంటారు. భూమి అడిగేవాళ్లు ఎవరెవర్ని తెచ్చారో పేర్లు చూపించాలి, ఆ పేర్లు పట్టా పుస్తకంలో ఎక్కుతాయి. ఆ పుస్తకాలు ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సైట్‌లో స్కాన్ చేసి పెట్టారు, ఫోన్‌లోనే చూడొచ్చు.

1651 జులైలో, నార్తాంప్టన్ కౌంటీలో, ఆంథనీ జాన్సన్‌కి 250 ఎకరాల పట్టా వచ్చింది. ఐదు తలలు, ఐదు యాభైలు. లెక్క సరిపోయింది కదా? కానీ ఇక్కడ కంగారు పడితే తప్పులో కాలేస్తాం. ఆ ఐదు పేర్లలో ఒకటి రిచర్డ్ జాన్సన్. అది ఆయన కొడుకు పేరు. కొడుకుని ఓడలో తెచ్చాడనుకోవాలా? అక్కర్లేదు. హెడ్‌రైట్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, ఒకే పేరు రెండుసార్లు వాడేవాళ్లు. కాబట్టి ఆ లిస్టులో పేరు కనపడితే "ఈ సంవత్సరమే వచ్చాడు" అని రాసేసుకోకండి. "అప్పటికి ఈ పేరు వాడుకలో ఉంది" అని మాత్రమే రాసుకోండి.

సరే, 1625 నాటి ఆంటోనియో, 1651 నాటి ఆంథనీ జాన్సన్ ఒకరే అని ఎలా చెప్తాం? దీనికి పన్ను రికార్డు కావాలి.

వర్జీనియాలో అప్పట్లో పెద్ద పన్ను భూమి మీద కాదు, తల మీద. భూమికి 50 ఎకరాలకి ఏడాదికి ఒక షిల్లింగ్ చొప్పున రాజుగారికి కట్టాలి, అంతే. తల పన్ను మాత్రం పొగాకు రూపంలో, పౌన్లకి పౌన్లు. పదహారేళ్లు దాటిన మగవాళ్లందరికీ ఉంటుంది. 1643లో ఒక చట్టం చేశారు: నల్లజాతి ఆడవాళ్లకి కూడా పన్ను. పక్కింటి తెల్ల రైతు భార్యకి పన్ను లేదు. మేరీకి ఉంది, ఆమె ఇద్దరు కూతుళ్లకీ ఉంది. ఒకే ఊరు, అదే పంట, కానీ ఏటా మూడు తలల పన్ను ఎక్కువ.

1653 ఫిబ్రవరిలో జాన్సన్ వాళ్ల తోటకి నిప్పంటుకుంది, బాగా నష్టపోయారు. కోర్టుకి వెళ్లి, పన్ను తగ్గించమని అడిగారు. కోర్టు ఒప్పుకుని, మేరీకీ ఇద్దరు కూతుళ్లకీ జీవితాంతం పన్ను మాఫీ చేసింది. ఆ ఆర్డర్‌లో ఒక మాట ఉంది: వీళ్లు ముప్పై ఏళ్లకి పైగా ఈ కాలనీలో ఉంటున్నారని. 1653లోంచి ముప్పై తీసేయండి. 1623, లేదా ఇంకా ముందు. భార్య పేరు మేరీ. 1625 లెక్కలో ఉన్న జంటతో సరిపోయింది! చరిత్రకారులు ఇద్దరూ ఒకరే అనడానికి ఇదొక ముఖ్యమైన ఆధారం.

ఇంకో చిన్న టిప్. ఒరిజినల్ కాగితంలో ఆ తేదీ 1652 ఫిబ్రవరి అని ఉంటుంది. అప్పట్లో ఇంగ్లిష్ వాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మన ఉగాది టైమ్ అనుకోండి. ఇది తెలియకపోతే ఒక ఏడాది తేడా వచ్చేస్తుంది.

ఇక్కడిదాకా వింటే ఆయన హీరోలా కనిపిస్తాడు. కానీ రికార్డు మనకి నచ్చినట్టు ఆగదు. జాన్సన్ దగ్గర జాన్ కేసర్ అని ఒక నల్లజాతి పనివాడు ఉండేవాడు. "నా ఒప్పందం ఏడెనిమిదేళ్లే, ఎప్పుడో అయిపోయింది" అని కేసర్ అన్నాడు. పక్క రైతు రాబర్ట్ పార్కర్ అతన్ని తన దగ్గర పెట్టుకున్నాడు. జాన్సన్ కోర్టుకెక్కాడు. 1655 మార్చిలో కోర్టు కేసర్‌ని తిరిగి జాన్సన్‌కే అప్పగించింది. ఈ ముక్క పట్టుకుని "అమెరికాలో మొదటి బానిస యజమాని నల్లవాడే" అని రీల్స్ తిరుగుతుంటాయి. అది తప్పు. 1640లోనే జాన్ పంచ్ అనే నల్లజాతి పనివాడికి వర్జీనియా కోర్టు జీవితాంతం చాకిరీ శిక్ష వేసింది. అతనితో కలిసి పారిపోయిన ఇద్దరు యూరప్ వాళ్లకి మాత్రం అదనంగా కొన్నేళ్లే. అలాగని కేసర్‌కి జరిగిన అన్యాయం చిన్నదైపోదు. పూర్వీకుల్ని వెతికితే వాళ్లు చేసిన తప్పులు కూడా వాళ్లతోపాటే దొరుకుతాయి. ఒకటి తీసుకుని ఇంకోటి వదిలేయలేం.

1665 ప్రాంతంలో కుటుంబం మేరీలాండ్‌కి మారింది. ఉన్న 250 ఎకరాల్లో 200 అమ్మేసి, మిగిలిన 50 కొడుకు రిచర్డ్‌కి ఇచ్చారు. కొత్త చోట 300 ఎకరాలు లీజుకి తీసుకున్నారు. ఆంథనీ 1670లో చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో వర్జీనియాలో ఒక జ్యూరీ కూర్చుంది. ఆంథనీ నల్లవాడు, కాబట్టి పరాయివాడు, కాబట్టి ఆ భూమి రాజుకే చెందుతుంది అని తేల్చేసింది. ఏ కాలనీ అయితే 1651లో పట్టా రాసిచ్చిందో, అదే కాలనీ. నలభై ఏళ్లకి పైగా అక్కడ బతికి, పన్ను కట్టి, కోర్టులో గెలిచిన మనిషి, చచ్చిపోయాక పరాయివాడైపోయాడు. దీనికి రెండేళ్ల ముందే, 1668లో, స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి ఆడవాళ్లు కూడా పన్ను కట్టాల్సిందేనని ఇంకో చట్టం వచ్చింది. పన్ను లిస్టునీ భూమి కాగితాన్నీ పక్కపక్కన పెడితే, తలుపులు ఒక్కొక్కటీ ఎలా మూసుకుపోయాయో తేదీలతో సహా కనిపిస్తుంది.

మేరీలాండ్‌లో 1677లో ఆయన మనవడు 44 ఎకరాలు కొన్నాడు. దానికి పెట్టిన పేరు: అంగోలా. మూడో తరం వాడు పెట్టిన ఆ ఒక్క పేరే, ఆ కుటుంబం ఎక్కడ నుంచి వచ్చిందనేదానికి పెద్ద క్లూ. అదీ ఒక భూమి కాగితంలోనే దొరికింది.

మీలో కొందరు అడుగుతారు, మనవాళ్లెవరూ లేరా అని. ఉన్నారు. 1635 నాటి వర్జీనియా రికార్డులో, జార్జ్ మెనెఫీ అనే ఆయన హెడ్‌రైట్లలో టోనీ, ఈస్ట్ ఇండియన్ అని ఒక పేరుంది. ఇంగ్లిష్ కంపెనీ 1611 నుంచే మన మచిలీపట్నంలో వ్యాపారం చేస్తోంది నిజమే. కానీ అంతమాత్రాన టోనీ మనూరివాడే అని థంబ్‌నెయిల్ పెట్టను. హెడ్‌రైట్ లిస్టులో ఊరి పేరుకి కాలమ్ లేదు.

ఇంకో విషయం. జాన్సన్ కుటుంబం దొరకడానికి కారణం వాళ్లు ఉన్న చోటు. నార్తాంప్టన్ కౌంటీ కోర్టు పుస్తకాలు 1632 నుంచి తెగకుండా ఉన్నాయి. అదే జేమ్స్ సిటీ కౌంటీవాళ్లు అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని పుస్తకాల్ని రిచ్‌మండ్ పంపించారు. 1865లో రిచ్‌మండ్ తగలబడింది, అవీ పోయాయి.

నా పాత టీమ్‌మేట్‌కి ఇదంతా చెప్పాను. ఆయన ఇప్పుడు తన ఇంటిపేరు వదిలేసి, ఆ ఇంటిపేరుగల యజమానుల భూమి హద్దులు, పక్క రైతుల పేర్లు రాసుకుంటున్నారు. గోడకి ఇంకా తలుపు దొరకలేదు, కానీ ఏ గోడో తెలిసింది అన్నారు.

నేనేమో మొన్న ఊరెళ్లినప్పుడు నాయనమ్మ ట్రంకు పెట్టె తెరిపించాను. శిస్తు రసీదులు, చెదలు పట్టిన ఒక దస్తావేజు. చెక్కుబందీలో తూర్పు హద్దు దగ్గర ఉన్న పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాయనమ్మకి మాత్రం తెలుసు, అరగంట చెప్పింది. ఫోన్‌లో రికార్డ్ చేశాను. మీరూ ఈ ఆదివారం ఆ పని చేయండి. రసీదు ఫొటో తీయండి, పక్కనే కూర్చుని ఎవరీయన అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.