ఓకు దుంగను చీల్చు విద్య: దాని పూర్వచరిత్రము

వంటచెఱకు లేక వర్ధిల్లిన నాగరకత పూర్వమున లేదు. రాజుల కోటలను గూర్చియు, వారి యుద్ధములను గూర్చియు చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి గాని, ఆ కోటలలోని పొయ్యికి కట్టె యెట్లు చేరెనో వ్రాసినవారు కొలదిమందియే. కత్తి పట్టినవాని పేరు నిలిచినది. గొడ్డలి పట్టినవాని పేరు నిలువలేదు. కమ్మరమును, వడ్రంగమును కులవిద్యలుగా గల మన మహాసభ సంచికలో ఈ లోపమును కొంతయైన దీర్చుట యుక్తమని తలంచి, యూరపు ఖండమున ఓకు అను మహావృక్షపు దుంగలను చీల్చిన విధమును, దాని చరిత్రమును పాఠకమహాశయులకు నివేదించుచున్నాము.

ఓకు మన తెలుగునాటి యడవులలో గానవచ్చు చెట్టు గాదు. హిమాలయ ప్రాంతములందు దాని జాతులు కలవు. అది శతాబ్దముల కొలది బ్రతుకును. మూడడుగుల యడ్డుకొలత గల మానును అడుగున్నర పొడవున ఱంపముతో అడ్డముగా కోసినచో వచ్చు పచ్చిమొద్దు సుమారు 300 కిలోలు తూగును. దానిని పొయ్యిలో బెట్టుట యట్లుండగా, కదల్చుటయే కష్టము. మఱియు దళసరి బెరడు లోపలి తేమను వెలికి పోనీయదు. కావున చీల్చినగాని ఓకు ఆఱదు, ఆఱినగాని మండదు. చీల్చి పేర్చిన పిదపను అది చక్కగా నెండుటకు రెండేండ్లు పట్టుట సామాన్యము.

అయినను ఇంత కఠినమగు కొయ్యకు ప్రకృతియే యొక దారి నేర్పఱచినది. ఓకు మొద్దు ముఖమును పరికించినచో, బండిచక్రమునకు ఆకులున్నట్లు నడిబొడ్డునుండి బెరడు వఱకు వెడల్పైన చారలు వ్యాపించి కనబడును. ఆ చారల వెంబడి కొయ్య తేలికగా విడిపోవును. బలమే విద్య యనుకొన్నవాడు మొద్దు నడుమ గొడ్డలి వేసి, దానిని పైకి దీయలేక యలసిపోవును. పనివాడు తొలుత ఎండపగుళ్లు ఎటు పాఱినవో చూచును. ముడులున్న వైపును కడపటికి విడుచును. అంచునకు దగ్గఱగా పగులు వెంబడి ఇనుపమేకు నిలిపి సమ్మెటతో కొట్టును. బీట సాగినంతనే దానిలో రెండవ మేకు దింపును. అప్పుడు మొదటిది వదులై చేతికి వచ్చును. దానిని మఱల ముందునకు జరుపును. మిక్కిలి పెద్ద మొద్దైనచో నడుమకు పోక, చుట్టును అంచునుండి పెళ్లలు పెళ్లలుగా ఊడదీయుచు వచ్చును. బీట వెడల్పైన పిమ్మట ఎండిన కొయ్యమేకులే చాలును.

ఇందు కమ్మరి పాత్ర స్వల్పము గాదు. మేకు మొనకు కాఠిన్యము వలయును గాని తలకు వలదు. సమ్మెట దెబ్బలకు తల పుట్టగొడుగువలె విచ్చుకొనును. ఎప్పటికప్పుడు దానిని సరిచేయనిచో ఇనుపపెచ్చు లేచి కంటికి ముప్పు తెచ్చును.

ఈ విద్య లోహముకంటెను ప్రాచీనమైనది. జర్మనీలో లైప్‌జిగ్ సమీపమున ఆల్చెర్‌బిట్జ్ మొదలగు చోట్ల బయల్పడిన బావులలోని ఓకు కొయ్యలు క్రీస్తునకు పూర్వము 5469 మొదలు 5098 వఱకు గల కాలమునకు జెందినవని వృక్షవలయముల లెక్కచే 2012లో ప్రకటించిరి. రాతి బాడిసెలతో మహావృక్షములను గూల్చి, చీల్చి, ఆ బావులకు కొయ్యకట్టు గట్టిరి.

మన దేశమునను మేకు విద్య ప్రాచీనమే. పంచతంత్రమున, సగము చీల్చిన దూలము నడుమ వడ్రంగి దిగగొట్టిన చండ్రకొయ్య మేకును కోతి పెఱికి ప్రాణము గోల్పోయిన కథ యున్నది. 1853లో వెలువడిన చిన్నయసూరిగారి నీతిచంద్రిక వలన ఆ కథ తెలుగువారికి సుపరిచితము. కథలోని నీతిని అందఱును గ్రహించిరి. అందలి పనితనమును గమనించినవా రరుదు. చీలిక మూసికొనకుండ గట్టికొయ్య మేకు నిలుపుట ఆనాటి వడ్రంగికి నిత్యకృత్యమని ఆ కథయే సాక్ష్యమిచ్చుచున్నది.

ఇంగ్లండులో కట్టెల బేరము చట్టమునకే యెక్కినది. 1601 నాటి చట్టము ప్రకారము, ఒక తరగతి కట్టె గుండ్రనిదైనచో చుట్టుకొలత 16 అంగుళములు, సగముగా చీల్చినదైనచో 19, నాలుగవ పాలుగా చీల్చినదైనచో 18½ అంగుళములు ఉండవలెను. గణించి చూచినచో మూటియందును కొయ్య యించుమించు సమానమే! చీల్చిన కట్టెకు చుట్టుకొలత హెచ్చి కనబడును గనుక, కొనువాడు మోసపోకుండుట కీ లెక్క. థేమ్సు నదీతీరమున మౌల్స్‌ఫర్డు గ్రామమందలి ప్రాచీనమగు పూటకూటి యింటికి "బీటిల్ అండ్ వెడ్జ్", అనగా కొయ్యసమ్మెటయు మేకును, అని పేరు. పనిముట్ల పేరు ఇంటికి నిలిచినది. పనివాండ్ర పేర్లు నిలువలేదు.

1926లో ఆండ్రియాస్ స్టీల్ జర్మనీలో విద్యుత్తుతో నడచు గొలుసు ఱంపమును, 1929లో పెట్రోలుతో నడచు దానిని నిర్మించెను. నేడు నూనె పీడనముతో మొద్దును మేకునకు నెట్టు యంత్రములు గలవు. సాధనము మాఱినను సూత్రము మేకుదే. 2021 మే 1 మొదలు ఇంగ్లండులో చిన్న మొత్తములలో అమ్ము కట్టెలలో తేమ 20 శాతము మించరాదని శాసించిరి. పూర్వులు చీల్చి యారబెట్టిన కారణమునే నేటి శాసనము సమర్థించుచున్నది.

ఇక మనము ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మొకటి. డెన్మార్కులో రోస్కిల్డె సమీపమున 1962లో సముద్రపు పాయనుండి వెలికి దీసిన ఓడలలో నొకటి 1042 ప్రాంతమున డబ్లినులో ఓకుతో గట్టినది. దాని పలకలు ఱంపముతో కోసినవి కావు. దుంగను రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా, ఇట్లు చీల్చి గొడ్డలితో చెక్కినవి. 2000 మొదలు 2004 వఱకు దానికి ప్రతిరూపము గట్టిన నిపుణులు, పలకలపై మిగిలిన గొడ్డలి గుర్తులను జూచి ఆ విద్యను మఱల అభ్యసింపవలసి వచ్చినది. ఆ యోడ 2007లో డబ్లిను చేరెను. వేలకొలది జనులు ఎఱిగిన విద్యకు వ్రాతలో ఆధారము మిగులలేదు!

సోదరులారా! అదృష్టవశమున ఆ పలకలు బురదలో చెడక నిలిచినవి. మన తాతల పనితనమునకు అట్టి సాక్ష్యము దొరకునా? చింత, తుమ్మ, మద్ది మొద్దులను ఏ వైపునుండి తెఱవవలెనో, ఏ మేకున కెట్టి కాక వలయునో మన వృద్ధుల చేతులు ఎఱుగును. ఆ పనిముట్ల పేర్లను, ఆ మెలకువలను వారి నోటనే విని, ప్రతి గ్రామమునందును చదువుకొన్న బాలబాలికలు వ్రాసియుంచవలెను. దాతలు వాని ముద్రణమునకు చేయూత నొసంగవలెను. చేతివిద్యయు విద్యయే. అది లిఖితమైననాడే చరిత్రలో మన పూర్వులకు స్థానము దొరకునని మా దృఢవిశ్వాసము.